పాత బుల్డోజర్ కొని కర్ర లాగిద్దాం అనుకునే రైతుల గురించి

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ పేపర్ రైతు పేజీలో ఈమధ్య పాత మిషన్లు కొనుక్కుంటే కూలీల బాధ తప్పుద్ది అని రాశారు, అందులో పాత బుల్డోజర్ ఒకటి కొనుక్కుంటే తోటలో కొట్టిన కర్రంతా రోడ్డు దాకా లాగేసుకోవచ్చు అని రెండు లైన్లు ఉన్నాయి. ఆ రెండు లైన్లు పట్టుకుని మా బావమరిది నన్ను నిద్రపోనివ్వట్లేదు. నేను సత్తుపల్లి వైపు ఓపెన్ కాస్ట్ బొగ్గు గనిలో చానా ఏళ్ళు డోజర్ నడిపినోణ్ణి, రిటైరయ్యాక కాస్త జామాయిలు వేసుకుని కూర్చున్నా, అందుకని ఊళ్ళో ఎవరికి మిషన్ డౌటొచ్చినా నా దగ్గరికే వస్తారు. వాడికి చెప్పిందే మీకూ రాస్తున్నా, ఎందుకంటే ఆ రెండు లైన్లు చదివి ఇంకెంతమంది లోన్ల కోసం తిరుగుతున్నారో అని భయంగా ఉంది.

మావాడు చూసొచ్చిన మిషన్ బీఈఎంఎల్ కంపెనీ డి-50 డోజర్, గనుల్లో సర్వే ఆఫ్ అయ్యాక, అంటే ఇక వద్దని పక్కన పెట్టేశాక, ఆన్‌లైన్ వేలంలో ఎవరో పాడుకుని, పైపైన పసుపు రంగు కొట్టి అమ్మకానికి పెట్టారు. "బావా, ఇంచుమించు ఇనుము రేటుకే ఇస్తన్నాడు, ఇంజన్ స్టార్టవుతంది, ఇంకేం కావాలి" అంటాడు. ఇంకేం కావాలో అదే చెప్దామని. అయినా కొనొద్దనే మాట ముందే అనేస్తే మావాడు వినడు, పైగా అది నిజం కూడా కాదు, కొనాల్సిన చోట కొనాలి. డోజర్ లాంటి ఈ చైన్ బండి మొదట్లో వచ్చింది పొలం, అడవి పనుల కోసమే, 1904లో కాలిఫోర్నియాలో హోల్ట్ అనే ఆయన మెత్తటి నేలల్లో ఆవిరి ట్రాక్టర్లు దిగబడిపోతుంటే చక్రాలు పీకి చైన్లు పెట్టాడు, బ్లేడు గిలేడు తర్వాత తగిలించినవే. ఇలాంటి చైన్ బండ్లే అడవుల్లో దుంగలూ లాగినయ్యి. కాబట్టి డోజర్‌తో దుంగ లాగటం అనేది పిచ్చి ఆలోచనేం కాదు, కాకపోతే ఎక్కడ, ఏ దుంగ, వెనకాల ఏం తగిలించి అనేది చూసుకోవాలి.

మావాడు ఫోన్లో చూపించే వీడియోలన్నీ కెనడా, అమెరికా వాళ్ళవి. అక్కడ వాళ్ళు చెట్టుని పడగొట్టి కొమ్మలు కొట్టేసి మాను మానంతా ఒకేసారి లాగుతారు, ఒక్కొక్కటి టన్ను పైన ఉంటది, కొండ వాలు మీద ఉంటది, నేల తడిగా ఉంటది. వాళ్ళ డోజర్ వెనకాల విన్చ్, అంటే వైర్ రోప్‌ని చుట్టి లాగే డ్రమ్ము ఉంటది, చూడండి బాగా, అసలు పని చేసేది అదే. మిషన్ని రోడ్డు మీద గట్టి చోట ఆపి, వైర్ రోప్ లాక్కెళ్ళి దుంగ మొదలుకి చోకర్ (లాగేకొద్దీ బిగుసుకునే ఉచ్చు) వేసి, విన్చ్‌తో దగ్గరికి లాక్కుని, దుంగ మొదలు కాస్త పైకెత్తి అప్పుడు కదుల్తారు. కొంతమంది వెనకాల ఆర్చ్ అని ఇనుప కమాను పెట్టుకుంటారు, మొదలు ఇంకా పైకి లేవటానికి. మొదలు లేవకపోతే ఏమవుద్ది? దుంగ ముక్కు నాగలి కర్రులాగా నేలలోకి దిగుద్ది, ఎంత హార్స్ పవర్ ఉన్నా చైన్లు అక్కడే తిరుగుతాయి, లేకపోతే రోప్ తెగుద్ది.

మన గనుల్నించి బయటికొచ్చే డోజర్లకి విన్చ్ ఎక్కడుంటది సార్? వెనకాల రిప్పర్ (గట్టి నేల చీల్చే ఇనుప కొక్కెం) ఉంటది, లేదంటే ఏమీ ఉండదు, ఏదైనా తగిలించి లాగే ఉత్త డ్రాబార్ పిన్ను ఉంటది. రిప్పర్‌కి గొలుసు కట్టి లాగొచ్చు అంటాడు అమ్మేవాడు, లాగొచ్చు, చదునుగా ఉన్న నేల మీద ఒక దుంగ కాస్త దూరం. విన్చ్ తర్వాత పెట్టించుకుందాం అంటే దానికి వెనకనించి పీటీఓ షాఫ్ట్, అంటే ఇంజన్ బలాన్ని బయటికిచ్చే షాఫ్ట్ రావాలి, ఆ ట్రాన్స్‌మిషన్‌కి సరిపోయే గేరు కావాలి, మన దగ్గర ఇది బజార్లో తగిలే సరుకు కాదు, చేయించుకోవటమే. కాబట్టి దుంగలు లాగటానికే డోజర్ కొనేవాడు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇంజన్ గురించి కాదు, విన్చ్ ఉందా లేదా అని. లేదు అన్నాడా, ఇక అది దుంగలు లాగే మిషన్ కాదు, మట్టి తోసే మిషన్, అప్పుడు ఆ లెక్కనే బేరం ఆడాలి.

ఇక మన తోటలు. జామాయిలు గానీ సుబాబుల్ గానీ మనం నాలుగేళ్ళకో అటూ ఇటూగానో కొడతాం, కొట్టినచోటే తొక్క ఒలిచి, ముక్కలు కోసి, కుప్పేసి, మనుషులే ట్రాక్టర్‌కి ఎత్తుతారు, ఆ ట్రాక్టర్ కాటా దగ్గరికో లారీ దగ్గరికో పోద్ది. ఇందులో లాగే దుంగ ఏది? భుజాన వేసుకునే కర్ర అది. కర్ర మోసే కూలీలు దొరకట్లేదు అనేది నిజం, తొక్క ఒలిచే ముఠాలకి అడ్వాన్సులు ఇచ్చి బతిమాలుకుంటున్నాం అదీ నిజం, కానీ డోజర్ వచ్చి తొక్క ఒలవదు, లారీకి లోడూ ఎత్తదు. ఏ పని దగ్గర మనుషులు దొరకట్లేదో ఆ పనికి సాయం చేయని మిషన్ని తెచ్చి ఏం చేసుకుంటాం.

దానికన్నా పెద్ద సంగతి మొదళ్ళు. మన ఆదాయం ఒక కోతతో అయిపోదు కదా, కొట్టిన మొదల్నించి పిలకలొస్తాయి, మంచివి ఒకటో రెండో ఉంచి మిగతావి తీసేస్తే మళ్ళీ పంట, మళ్ళీ మొక్కల ఖర్చు లేకుండా రెండో కోత, ఓపికుంటే మూడోది. క్లోన్ మొక్కలు చాలామంది 3 మీటర్ల సాలు, 2 మీటర్ల ఎడం పెట్టారు, ఎకరానికి ఆరొందల అరవై పైచిలుకు మొదళ్ళు. డి-50 బాడీ వెడల్పే రెండు మీటర్లు దాటుద్ది, బ్లేడు మూడు మీటర్ల పైనే ఉంటది, అంటే సాళ్ళ మధ్య పట్టాలంటే బ్లేడు పైకెత్తుకుని గీతలో పోయినట్టు పోవాలి. నేరుగా పోయినా సరే మలుపు తిప్పాలిగా. చైన్ బండి మలుపు అంటే ఒక పక్క చైన్ ఆపి రెండో పక్క తోయటమే, ఆగిన చైన్ ఉన్నచోటే నేలని గీకుద్ది, దాని కింద మొదలుంటే బెరడు ఊడి చీలుద్ది, అందులోంచి పిలక సరిగా రాదు. సాలు చివర తిరిగే ప్రతి చోటా నాలుగైదు మొదళ్ళు పోయినయ్యనుకోండి, ఎకరంలో ఎన్ని పోతాయో మీరే లెక్కేయండి. ఒకటి మాత్రం ఒప్పుకోవాలి, చైన్ బండి 12 టన్నులకి అటూ ఇటూ ఉన్నా బరువంతా పరుచుకుంటది కాబట్టి నేల మీద ఒత్తిడి చదరపు సెంటీమీటరుకి అర కిలో పైచిలుకే, లోడు ట్రాక్టర్ టైరు దిగబడిపోయే తడి నేలలో ఇది తేలిగ్గా పోద్ది. ఆ సుఖం నిజమే. మలుపు దగ్గరే మన కొంప తీసేది.

మరి మన దగ్గర నిజంగా లాగాల్సిన దుంగలు లేవా అంటే ఉన్నాయి. గట్ల మీద టేకు, పాత మామిడి తోటలు తీసేసేవాళ్ళు, నిద్రగన్నేరు, చింత. మా తాతల కాలంలో ఏజెన్సీ టేకుని ఎద్దులతో దున్నలతో గోదావరి ఒడ్డు దాకా ఈడ్పించి తెప్పలు కట్టి రాజమండ్రి వదిలేవాళ్ళు, అది వేరే లోకం. ఇప్పుడు గట్టు మీద టేకు ఉన్నోడికి ఎన్ని మాన్లు ఉంటాయి, పైగా కొట్టాలంటే ఫారెస్టోళ్ళ పర్మిషన్, బండెక్కించాలంటే ట్రాన్సిట్ పర్మిట్, ఇవన్నీ అయ్యేసరికి లాగే పని ఒక పూట పని. దానికి సొంత డోజరా?

సరే, ఇంత చెప్పినా మావాడు "ఇనుము రేటే కదా బావా" దగ్గరే ఉన్నాడు. ఆ మాటలో కొంత లెక్క ఉంది, కాదనను. కిలో 30 రూపాయలు అనుకున్నా 12 టన్నుల మిషన్ 3 లక్షల 60 వేల తుక్కు. ఆ రేటుకి దొరికితే రేపు నడవకపోయినా కోసి అమ్ముకుంటే చానావరకు తిరిగొస్తది. కానీ ఆ ధరకి ఎవరిస్తారు, స్టార్టయ్యే మిషన్ అని దానికి రెండింతలు మూడింతలు చెప్తారు. ఆ పైన ఇచ్చే ప్రతి రూపాయి దేనికిస్తున్నాం? కింద చైన్లో మిగిలున్న ఆయుష్షుకి. చైన్ బండికి అయ్యే రిపేర్ ఖర్చులో సగం దాకా కింది భాగానికే పోద్ది, ఇది ఏ డోజర్ మెకానిక్‌నైనా అడగండి చెప్తాడు. ఇంజన్ బోర్ చేయించుకోవచ్చు, ఊళ్ళో చేసేవాళ్ళున్నారు. చైన్లు, మిషన్ బరువు మోసే రోలర్లు, చైన్ని తిప్పే పళ్ళ చక్రాలు స్ప్రాకెట్లు, ముందుండే పళ్ళు లేని చక్రాలు ఐడ్లర్లు అన్నీ కొత్తవి వేయాలంటే ఈ పాత మిషన్ కొన్నంత అయినా ఆశ్చర్యం లేదు.

అందుకని మిషన్ చూడ్డానికి పోయినప్పుడు ముందు కిందకి వంగండి, బ్యానెట్ తర్వాత. స్ప్రాకెట్ పళ్ళు చూడండి, కొత్తలో పన్ను కొన మొద్దుగా వెడల్పుగా ఉంటది, అరిగేకొద్దీ సన్నబడి సూదిగా అవుద్ది, సూదైపోయిందంటే చైన్ కూడా పోయినట్టే, రెండూ కలిసే అరుగుతాయి. చైన్ టైట్ చేసే గ్రీజు సిలిండర్ ఉంటది ముందు ఐడ్లర్ వెనకాల, ఐడ్లర్ బాగా ముందుకొచ్చి ఇక జరగటానికి చోటు లేకుండా ఉందంటే చైన్ సాగిపోయిందని అర్థం. అమ్మేవాళ్ళు ఒక లింకు తీసేసి మళ్ళీ బిగుతుగా చూపిస్తారు, అందుకని టేపు తీసుకెళ్ళి, చైన్ బిగుతుగా ఉన్నచోట, పిన్ను నుంచి పిన్నుకి నాలుగు లింకుల దూరం కొలవండి, అదే మోడల్ కొత్త చైన్ కొలత ముందే షాపులో అడిగి రాసుకుని పోండి. పిన్ను చుట్టూ ఉండే బుష్ బయట ఒక పక్కే అరిగి పల్లం పడిందా చూడండి, ఇంతకుముందు తిప్పించకపోతే పిన్ను బుష్ తిప్పించి కొన్నాళ్ళు లాగొచ్చు, తిప్పించినదైతే ఇక అంతే. రోలర్ల పక్కన నల్లగా జిడ్డు కారి దుమ్ము అంటుకుని ఉంటే సీలు పోయింది. నేలని తొక్కే షూ ప్లేట్ల మీద పట్టునిచ్చే గడ్డ అరిగి నున్నగా ఉంటే వాలు మీద పట్టు ఉండదు, వెల్డింగ్ చేసి గడ్డ పెంచుకోవచ్చు గానీ అదొక ఖర్చు.

తర్వాత ఫైనల్ డ్రైవ్, అంటే స్ప్రాకెట్ని తిప్పే గేరు పెట్టె. డ్రెయిన్ ప్లగ్ కాస్త వదులు చేసి ఆయిల్ కొంచెం గిన్నెలోకి పట్టి అయస్కాంతం ముంచండి. మెత్తటి బూడిద లాంటి పొడి అంటితే పర్లేదు, రవ్వలు రవ్వలుగా ఇనుము అంటితే లేచొచ్చెయ్యండి, టీ కూడా తాగొద్దు. అమ్మేవాడు ప్లగ్ తియ్యనివ్వకపోయినా లేచొచ్చెయ్యండి.

ఇంజన్ సంగతి, చెప్పకుండా పొద్దున్నే వెళ్ళండి. ఫోన్ చేసి వెళ్తే వాడు ముందే స్టార్ట్ చేసి వేడెక్కించి పెడతాడు, వేడింజన్ ఎవడికైనా స్టార్టవుద్ది. వెళ్ళగానే బ్లాకు మీద చెయ్యి పెట్టండి, చల్లగా ఉండాలి. స్టార్టయ్యాక ఆయిల్ పోసే మూత తీస్తే పొగ గుప్పుగుప్పుమని కొడుతుంటే రింగులు పోయినయ్యి. రేడియేటర్ నీళ్ళ మీద నూనె తేలినా, డిప్‌స్టిక్ ఆయిల్ మజ్జిగ రంగులో ఉన్నా మాట్లాడేదేం లేదు. అవర్ మీటర్ నమ్మొద్దు, చానా వాటికి తిరగదు, తిరిగేది ఎప్పుడు మార్చారో తెలవదు. తర్వాత ఒక మట్టి కుప్ప మీదకి బ్లేడు దించి అరగంట తోయించండి, ఊరికే ముందుకీ వెనక్కీ తిప్పి చూపిస్తే ఒప్పుకోవద్దు. చల్లగా ఉన్నప్పుడు బాగా లాగి వేడెక్కాక ట్రాన్స్‌మిషన్ జారే మిషన్లు మస్తుగా ఉన్నాయి. లోడు మీద ఉన్నప్పుడే ఎడం లీవర్, కుడి లీవర్ లాగి తిరగమనండి, ఒక పక్క బాగా తిరిగి రెండో పక్క బద్ధకంగా తిరిగితే స్టీరింగ్ క్లచ్ ప్లేట్లు అయిపోయినయ్యి, దాన్ని విప్పటం అంటే వెనక భాగం మొత్తం తెరవటమే. బ్రేక్ వాలు మీద ఆపి చూడండి, దుంగ వెనకనించి తోస్తున్నప్పుడు ఆగాల్సింది ఆ బ్రేకే.

స్పేర్లు దొరకవేమో అనే భయం మాత్రం పెద్దగా అక్కర్లేదు. బీఈఎంఎల్ పాత డోజర్లు కొమట్సు టెక్నాలజీతో కేజీఎఫ్‌లో తయారైనవే కాబట్టి గనులున్న ఊళ్ళలో, బెజవాడ ఆటోనగర్‌లో వెతికితే ఏదో ఒకటి దొరుకుద్ది. దీనికన్నా పెద్దదైన డి-80 జోలికి మాత్రం పోవద్దు, 20 టన్నులకి అటూ ఇటూ ఉంటది, రైతు దాన్ని కదిలించటానికే డబ్బైపోద్ది.

అసలు ఇవి ఇంత చవగ్గా ఎందుకొస్తున్నాయో ఎవరూ అడగరేంటి? ఒకప్పుడు చెరువు పూడిక తీయాలన్నా, ఏజెన్సీలో దారెయ్యాలన్నా డోజరే. ఇప్పుడు ఊరికి నాలుగు జేసీబీలు, రెండు పొక్లెయిన్లు ఉన్నాయి, గంటకింత అని ఫోన్ చేస్తే వస్తాయి. మూడో కోత అయ్యాక మొదళ్ళు పీకాలంటే డోజర్ ఆ మొదలుతో పాటు మంచి మన్నంతా గట్టు మీదకి తోసేస్తది, పొక్లెయిన్ ఒక్కో మొదలూ పట్టుకుని పీకి, మట్టి దులిపి, పక్కన పెడతది, కావాలంటే దుంగని ఎత్తి ట్రాక్టర్‌లో కూడా పెడతది. డోజర్ ఎత్తలేదు కదా. రైతు పనికి డోజర్ చేసేది చానావరకు పొక్లెయిన్ చేస్తది, పొక్లెయిన్ చేసేది డోజర్ చెయ్యలేదు, ధర పడిపోక ఏమవుద్ది.

ఖర్చు ఒకసారి చూద్దాం. డి-50 పని బరువుని బట్టి గంటకి 10 నుంచి 15 లీటర్లు తాగుద్ది, ఇప్పటి డీజిల్ రేట్లో గంటకి వెయ్యి నుంచి పదిహేనొందల దాకా. ఆపరేటర్ జీతం, హెల్పర్ జీతం వేరే. తారు రోడ్డు మీద నడపకూడదు, పక్క ఊరి తోటకి పోవాలన్నా లోబెడ్ ట్రైలర్ కావాలి, పని అరపూటే అయినా ట్రైలర్ పోనురాను కిరాయి మొత్తం కట్టాలి. మావాడికి ఉన్నది పదెకరాల లోపు, కోత నాలుగేళ్ళకోసారి, మధ్యలో ఆ మిషన్ ఏం చేస్తది? వానలో నానుద్ది. సీళ్ళు ఎండిపోతాయి, చైన్ పిన్నులు తుప్పుపట్టి బిగుసుకుంటాయి, ఎలుకలు వైర్లు కొరుకుతాయి, బ్యాటరీ ఎవడో ఒకడు పట్టుకుపోతాడు. ఖాళీగా ఉన్నప్పుడు కిరాయికి తిప్పుతా అంటాడు. తిప్పొచ్చు, కానీ అప్పుడు వాడు రైతు కాదు కాంట్రాక్టరు, రాత్రి పదింటికి పక్క మండలంలో హోస్ పగిలిందని ఫోనొస్తే లేచి పోవాలి. అది వేరే బతుకు, ఇష్టమైతే తప్పులేదు, తోట కోసం కొన్నా అని మాత్రం చెప్పకూడదు.

ఇంకొకటి మీ ఆర్టికల్‌లో అసలు రాయలేదు. వైర్ రోప్ తెగితే ఎట్టుంటదో చూడనివాళ్ళకి తెలవదు, లాగి వదిలిన రోప్ కొస వెనక్కొచ్చి కొడితే మనిషి మిగలడు. గనుల్లో మాకు లాగుతున్న రోప్ దరిదాపుల్లో మనిషుంటే మిషన్ కదిలించనిచ్చేవాళ్ళు కాదు. పాత డోజర్లకి ఉత్త రేకు టాపే ఉంటది, లేదా అదీ పీకేసి అమ్మేస్తారు. దుంగలు లాగేదానికి బోల్తా పడినా నలగని గట్టి కేబిన్ ఉండాలి, ఆపరేటర్ వెనకాల మందపాటి ఇనుప జాలీ ఉండాలి, ఎందుకంటే రోప్ వచ్చేదీ దుంగ దొర్లొచ్చేదీ వెనకనించే. చోకర్ కట్టే కుర్రాడు కట్టి పక్కకి వెళ్ళాడని కళ్ళతో చూసేదాకా లీవర్ ముట్టుకోకూడదు. వేసవి సెలవల్లో ఇంట్లో పిల్లాడిని ఎక్కించి నడిపించే మిషన్ కాదు ఇది, మా ఊళ్ళో ట్రాక్టర్లతో అదే చేస్తారు కాబట్టి చెప్తున్నా.

మరి ఎవరు కొనొచ్చు? ఏజెన్సీ పక్కన కొండవాలు పట్టా భూముల్లో పెద్ద తోటలున్నవాళ్ళు, పది పదిహేను మంది రైతులు కలిసి దారులు వేసుకోవటం, గట్లు కట్టుకోవటం, చదును చెయ్యటం లాంటి పని ఏడాది పొడుగునా ఉన్నవాళ్ళు, వాళ్ళల్లో ఒకడికి రెంచి పట్టుకోవటం వచ్చుంటే, చైన్ సగం పైన మిగిలి విన్చ్ కూడా ఉన్న మిషన్ దొరికితే కొనండి, నేనే వచ్చి చూసి పెడతా. మిగతావాళ్ళకి ఇప్పుడున్న 45, 50 హార్స్ పవర్ ట్రాక్టరే ఉంది కదా, దాని వెనకాల నాగలి తగిలించే త్రీ పాయింట్ లింకేజీకి తగిలించే పీటీఓ విన్చ్‌లు ఉంటాయి, యూరప్‌లో చిన్న రైతులు వాటితోనే అడవి కర్ర లాక్కుంటారు, దుంగ మొదలు పైకి లేస్తది, ట్రాక్టర్ సాలు చివరే ఆగుద్ది, మొదళ్ళు తొక్కే పని లేదు. ఇలాంటివి మండలానికి ఒకటి కస్టమ్ హైరింగ్ సెంటర్లలో పెట్టి కిరాయికిస్తే ఇన్ని తిప్పలు ఉండవు. రోటవేటర్లు, డ్రోన్లు ఇస్తున్నారు, సంతోషమే, కర్ర పండించేవాడి గురించి కూడా ఒకసారి ఆలోచించమని అగ్రికల్చర్ ఆఫీసర్ల చెవిన పడేట్టు మీరే రాయాలి.

మీకు ఇంకో మనవి. పాత మిషన్ల మీద ఆర్టికల్ వేసేటప్పుడు అమ్మేవాళ్ళని అడిగింది మాత్రమే వెయ్యకుండా ఒక మెకానిక్‌నీ, దాన్ని కొని రెండేళ్ళు వాడిన రైతునీ అడిగి వెయ్యండి. జేసీబీ, పొక్లెయిన్, డోజర్ గంట కిరాయి ఏ మండలంలో ఎంత నడుస్తుందో ధరల పేజీలో మిర్చి, పత్తి పక్కన ఒక చిన్న బాక్స్‌లో వేస్తే కొనాలా కిరాయికి తెచ్చుకోవాలా అనేది ఎవరి లెక్క వాళ్ళే వేసుకుంటారు. మావాడైతే ఇంకా తేల్చుకోలేదు, అడ్వాన్స్ మాత్రం ఇంకా ఇవ్వలేదు, ఈలోపు ఈ లెటర్ వేస్తే పేపర్లో పడిందని అయినా వింటాడేమో చూడాలి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ డోజర్ ఆపరేటర్,
సత్తుపల్లి, ఖమ్మం జిల్లా